ఒక్క ఫోటాన్ తరంగదైర్ఘ్యం మార్చేటప్పుడు నాయిస్: తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఒక్క ఫోటాన్ తరంగదైర్ఘ్యాన్ని ఎందుకు మార్చాలి?

ఫోటాన్ పుట్టే తరంగదైర్ఘ్యం ఒకటి, ఫైబర్‌లో హాయిగా ప్రయాణించే తరంగదైర్ఘ్యం మరొకటి కాబట్టి. వజ్రంలోని నైట్రోజన్-వేకెన్సీ కేంద్రం (నైట్రోజన్ పక్కన ఒక కార్బన్ స్థానం ఖాళీగా ఉన్న లోపం) 637 నానోమీటర్ల దగ్గర ఫోటాన్ ఇస్తుంది. రుబీడియం పరమాణువు 780 లేదా 795 దగ్గర, కాల్షియం అయాన్ 854 దగ్గర, ఇండియం ఆర్సెనైడ్ క్వాంటమ్ డాట్లు (పరమాణువులా ప్రవర్తించే అతి చిన్న అర్ధవాహక చుక్కలు) ఎక్కువగా 900కు అటూ ఇటూ ఇస్తాయి. మామూలు ఫైబర్‌లో 637 దగ్గర కిలోమీటరుకు సుమారు 8 డేసిబెల్స్ పోతాయి. పది కిలోమీటర్లకు 80 డేసిబెల్స్. అంటే పది కోట్ల ఫోటాన్లు పంపితే అవతలికి చేరేది ఒక్కటి. అదే 1550 దగ్గర కిలోమీటరుకు 0.2 డేసిబెల్స్ మాత్రమే, పది కిలోమీటర్ల తర్వాత కూడా నూటికి 63 మిగులుతాయి. ఇంత తేడా ఉన్నప్పుడు మార్చక తప్పదు.

ఇంకో కారణం కూడా ఉంది. ఒకే వేఫర్ మీద పెరిగిన రెండు క్వాంటమ్ డాట్లు కూడా ఒకే తరంగదైర్ఘ్యం ఇవ్వవు. వాటి ఫోటాన్లు ఒకదానితో ఒకటి వ్యతికరణం చెందాలంటే ఒకదాన్ని కొన్ని నానోమీటర్లు జరిపి రెండో దానితో కలపాలి.

ఈ మార్పిడి చేసే చిప్ లోపల ఏం జరుగుతుంది?

ముఖ్యంగా రెండు పద్ధతులు. లిథియం నియోబేట్ లాంటి పదార్థంలో ఒక బలమైన పంప్ లేజర్, మన ఒక్క ఫోటాన్ కలిసి ప్రయాణిస్తాయి. ఫోటాన్ తన శక్తిలోంచి పంప్ ఫోటాన్ శక్తికి సమానమైన భాగాన్ని పంప్‌కి ఇచ్చేసి, మిగిలిన శక్తితో కొత్త తరంగదైర్ఘ్యంలో బయటికి వస్తుంది. తీసివేతకు బదులు కూడిక కూడా చేయవచ్చు. అప్పుడు తరంగదైర్ఘ్యం తగ్గుతుంది.

సిలికాన్ నైట్రైడ్‌కి ఇలా ఒకే పంప్‌తో మార్చే గుణం సహజంగా ఉండదు. అక్కడ రెండు పంప్ లేజర్లు వాడతారు. ఆ రెండు పంప్‌ల ఫ్రీక్వెన్సీల మధ్య ఎంత తేడా ఉందో, మన ఫోటాన్ సరిగ్గా అంతే జరుగుతుంది. దీన్ని బ్రాగ్ స్కాటరింగ్ రకం ఫోర్-వేవ్ మిక్సింగ్ అంటారు. ఇది బలహీనమైన ప్రక్రియ కాబట్టి, వెలుగు ఎన్నోసార్లు చుట్లు తిరిగేలా చిన్న మైక్రోరింగ్‌లో చేస్తారు.

ఆప్టికల్ యాంప్లిఫయర్‌లో (వెలుగును పెంచే పరికరంలో) నాయిస్, అంటే మనం పంపని అదనపు ఫోటాన్లు, తప్పదంటారు. ఇక్కడా అంతేనా?

కాదు. ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే. యాంప్లిఫయర్, అంతకుముందు లేని ఫోటాన్లను కొత్తగా పుట్టిస్తుంది. అందుకే క్వాంటమ్ సూత్రాలు దాని మీద కనీస నాయిస్‌ను తప్పనిసరి చేస్తాయి. తరంగదైర్ఘ్య మార్పిడిలో ఫోటాన్ల సంఖ్య మారదు. ఒకటి పోతే ఒకటి వస్తుంది. గణితంలో చూస్తే ఇది వెలుగును రెండు దారులుగా చీల్చే బీమ్ స్ప్లిటర్ లాంటిదే, కాకపోతే రెండు దారులకు బదులు రెండు తరంగదైర్ఘ్యాలు ఉంటాయి. ఇన్‌పుట్ ఖాళీగా ఉంటే అవుట్‌పుట్ కూడా ఖాళీగానే ఉంటుంది. శాస్త్రవేత్త ప్రేమ్ కుమార్ 1990లో ఈ ఆలోచనను స్పష్టంగా రాశారు. 1992లో హువాంగ్‌తో కలిసి ప్రయోగంలో చూపించారు.

కాబట్టి ల్యాబ్‌లో కనిపించే నాయిస్‌లో ఒక్క ఫోటాన్ కూడా క్వాంటమ్ సూత్రాలు ఈ మార్పిడి మీద వేసినది కాదు. అదంతా పదార్థం నుంచి, పంప్ నుంచి, తయారీ లోపాల నుంచి వచ్చింది. అందుకే దాన్ని తగ్గించడానికి పట్టుబట్టి పనిచేయడం సార్థకం అని నేను గట్టిగా నమ్ముతాను.

మరి ఆ నాయిస్ ఎక్కడెక్కడి నుంచి వస్తుంది?

ముందు పంప్ ఎంత బలమైనదో చూడండి. 1550 నానోమీటర్ల దగ్గర 100 మిల్లీవాట్ల పంప్ అంటే సెకనుకు సుమారు 7,800 కోట్ల కోట్ల ఫోటాన్లు. వాటిలో లేశమంత భాగం దారి తప్పి మన ఫోటాన్ తరంగదైర్ఘ్యంలోకి వచ్చినా మన సిగ్నల్ మునిగిపోతుంది.

మొదటి నిందితుడు రామన్ పరిక్షేపణం. పంప్ ఫోటాన్ పదార్థంలోని అణువుల కంపనాలకు కొంత శక్తి ఇచ్చి తక్కువ ఫ్రీక్వెన్సీకి దిగుతుంది, లేదా ఆ కంపనాల నుంచే శక్తి తీసుకుని పైకి ఎక్కుతుంది. మొదటిది స్టోక్స్, రెండోది యాంటీ-స్టోక్స్. విశాఖపట్నంలో బడికి వెళ్ళిన సి.వి. రామన్ 1928లో కనిపెట్టిన ప్రభావమే ఇది. ఏ పదార్థంలో ఎంత దూరం చిమ్ముతుందన్నది ఆ పదార్థాన్ని బట్టి ఉంటుంది. స్ఫటిక సిలికాన్‌లో పంప్ ఫ్రీక్వెన్సీ నుంచి 15.6 టెరాహెర్ట్జ్ దూరంలో ఒకే సన్నని గీత. గాజులో 13 టెరాహెర్ట్జ్ దగ్గర శిఖరం ఉన్న వెడల్పాటి గుట్ట. లిథియం నియోబేట్‌లో అనేక గీతలు, దాదాపు 26 టెరాహెర్ట్జ్ దాకా. ఆపైన ఒకేసారి రెండు మూడు కంపనాలు పాల్గొనే బలహీనమైన తోక మాత్రమే మిగులుతుంది.

రెండోది పంప్ ఫోటాన్ తనంతట తాను రెండుగా విడిపోవడం. ఇది ఫేజ్ మ్యాచింగ్ (తరంగాలు దారి పొడవునా ఒకదానితో ఒకటి లయ కలిసి నడవడం) లేకపోతే జరగదని పుస్తకంలో ఉంటుంది. కానీ లిథియం నియోబేట్‌లో పోలింగ్ (స్ఫటికం దిశను గీతలు గీతలుగా తిప్పడం) చేసేటప్పుడు గీతల వెడల్పు అక్కడక్కడా కొద్దిగా తప్పుతుంది. ఆ చిన్న చిన్న తప్పులన్నీ కలిసి, ఎక్కడా ఉండకూడని చోట కూడా కొంచెం ఫేజ్ మ్యాచింగ్‌ను తెచ్చిపెడతాయి. అలా ఒక వెడల్పాటి నాయిస్ నేల ఏర్పడుతుంది. పోలింగ్ నాణ్యత పెంచితే ఇది తగ్గుతుంది.

ఇవి కాక ఫిల్మ్‌లోని లోపాలు పంప్ వెలుగుకి మెరవడం, పంప్ సెకండ్ హార్మోనిక్ (రెట్టింపు ఫ్రీక్వెన్సీ వెలుగు) పుట్టి అది మళ్ళీ విడిపోవడం, సరిగ్గా ఆపలేని పంప్ లీక్ కూడా ఉంటాయి.

చాలామంది మరిచిపోయేది ఇంకొకటి. చిప్‌కి పంప్‌ను తెచ్చే ఫైబర్ కూడా గాజే. ఆ రెండు మీటర్ల ప్యాచ్‌కార్డ్‌లోనే రామన్ నాయిస్ పుట్టి పంప్‌తో పాటు చిప్‌లోకి దిగుతుంది. ఎర్బియం యాంప్లిఫయర్ వాడితే దాని సొంత వెడల్పాటి మెరుపు అదనం. అందుకే పంప్‌ను శుభ్రం చేసే ఫిల్టర్ చిప్‌కి ముందు, వీలైనంత దగ్గరగా ఉండాలి. లోపలికి వచ్చేసిన నాయిస్ మన తరంగదైర్ఘ్యంలోనే ఉంటే, చిప్ తర్వాత ఎన్ని ఫిల్టర్లు పెట్టినా అది మన ఫోటాన్ పక్కనే నడుస్తుంది.

పంప్ తరంగదైర్ఘ్యం ఎంచుకోవడానికి అంత ప్రాధాన్యం ఎందుకు?

నాయిస్ కథలో ముప్పావు వంతు అక్కడే తేలిపోతుంది కాబట్టి. సూత్రం చిన్నది: పంప్ తరంగదైర్ఘ్యం, బయటికి రావలసిన తరంగదైర్ఘ్యం కంటే పొడవుగా ఉండాలి, వీలైతే చాలా పొడవుగా.

ఎందుకో ఒక నిజమైన ఉదాహరణతో చూద్దాం. 637 నానోమీటర్ల ఫోటాన్‌ను 1064 నానోమీటర్ల పంప్‌తో మారిస్తే 1588 దగ్గర బయటికి వస్తుంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ బృందం వాడిన లెక్క ఇదే. 1588 టెలికాం బ్యాండ్‌లో ఉంది, 1064 దగ్గర మంచి లేజర్లు సులభంగా దొరుకుతాయి. కానీ పంప్ ఫోటాన్ శక్తి 1588 ఫోటాన్ శక్తి కంటే ఎక్కువ. కాబట్టి పంప్ ఫోటాన్ తనే విడిపోయి ఒక ముక్క 1588గా, రెండోది సుమారు 3.2 మైక్రాన్లుగా మారగలదు. ఆ రెండింటికీ లిథియం నియోబేట్ పారదర్శకమే. అంటే నాయిస్‌కి తలుపు తెరిచే ఉంది. దాన్ని సన్నని ఫిల్టర్లతోనే అదుపు చేయాలి.

ఇప్పుడు ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ బృందం 2019లో చేసిన పని చూడండి. కాల్షియం అయాన్ 854 ఫోటాన్‌ను 1902 నానోమీటర్ల పంప్‌తో 1550కి మార్చి, 50 కిలోమీటర్ల ఫైబర్‌లో పంపి, అయాన్‌తో ఎంటాంగిల్‌మెంట్ (క్వాంటమ్ ముడి) నిలిచి ఉందని చూపించారు. ఇక్కడ పంప్ ఫోటాన్ శక్తి 1550 కంటే తక్కువ. అది విడిపోయి 1550 ఇవ్వడం అసాధ్యం. మిగిలేది ముఖ్యంగా యాంటీ-స్టోక్స్ రామన్. అది కూడా 36 టెరాహెర్ట్జ్ దూరం ఎక్కాలి, లిథియం నియోబేట్‌లో ఒక్క కంపనం అంత శక్తి ఇవ్వలేదు. కాల్షియం ఫోటాన్‌నే 2456 నానోమీటర్ల పంప్‌తో 1310కి మార్చిన పని, రుబీడియం 795ని 1950 పంప్‌తో 1342కి మార్చిన పని కూడా ఇదే దారిలో నడిచాయి.

ఈ పొడవు పంప్ ఎప్పుడూ కుదరదు. ఆరంభ, గమ్య తరంగదైర్ఘ్యాలు నిర్ణయమైపోతే పంప్ కూడా నిర్ణయమైపోయినట్టే. 637ని 1550 ప్రాంతానికి ఒకే అడుగులో తేవాలంటే 1.06–1.08 మైక్రాన్ల పంప్ తప్ప గతి లేదు. అందుకే మీ ప్రాజెక్టులో మూల పరమాణువును ఎంచుకునే రోజునే నాయిస్ లెక్క కూడా వేసుకోవాలి.

సిలికాన్ నైట్రైడ్ మైక్రోరింగ్‌లలో నాయిస్ ఎలా ఉంటుంది?

అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్ బృందం 2016లో ప్రచురించిన ఫలితాలు దీనికి మంచి ఆధారం. 980 బ్యాండ్‌లోనే కొన్ని నానోమీటర్లు జరపడం, 1550 నుంచి 980కి, 980 నుంచి 1550కి మార్చడం అని మూడు రకాలు చూపించారు. మొదటి రకంలో 25 శాతం సామర్థ్యం, మిగతా రెండింటిలో 60 శాతం పైన, పంప్ 60 మిల్లీవాట్ల లోపు. నాయిస్ కొన్ని ఫెమ్టోవాట్ల నుంచి కొన్ని పికోవాట్ల దాకా.

ఫెమ్టోవాట్ వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. ఒక్క ఫోటాన్ లెక్కలోకి దించి చూడండి. 980 దగ్గర ఒక ఫెమ్టోవాట్ అంటే సెకనుకు సుమారు 5,000 ఫోటాన్లు. 1550 దగ్గర ఒక పికోవాట్ అంటే సెకనుకు 78 లక్షలు. సెకనుకు లక్ష ఫోటాన్లు ఇచ్చే మూలానికి మొదటిది పర్వాలేదు, రెండోది కుదరదు. మంచి పేపర్ అయినా ఈ మార్పిడి మీరే వేసుకుని చదవండి. వాట్లలో రాసిన నాయిస్ మనల్ని సులభంగా ఏమార్చుతుంది.

ఇంత తేడా రావడానికి ఒక సాధారణ కారణం ఉంది. రెండు పంప్‌లూ 1550 దగ్గర, సిగ్నల్ 980 దగ్గర ఉంటే, పంప్ శక్తి తక్కువ, దూరం చాలా ఎక్కువ. ఒక పంప్ గమ్య బ్యాండ్‌లోనే కూర్చుంటే దాని రామన్, దాని ఫోర్-వేవ్ మిక్సింగ్ నేరుగా మన దారిలో పడతాయి.

క్వాంటమ్ డాట్ ఫోటాన్‌తో నిజంగా చేశారా? ఫలితం ఎలా చదవాలి?

చేశారు. 2019లో నిస్ట్ నుంచే, మైక్రోపిల్లర్‌లోని క్వాంటమ్ డాట్ ఫోటాన్‌ను సిలికాన్ నైట్రైడ్ చిప్‌లో జరిపారు. చిప్ మీది సామర్థ్యం సుమారు 12 శాతం. డాట్ ఫోటాన్ స్పెక్ట్రమ్ వెడల్పు రింగ్‌కి మించి ఉండడమే అందుకు కారణం.

చూడవలసిన అంకె జీ-టూ. ఫోటాన్లను బీమ్ స్ప్లిటర్ మీదికి పంపి, రెండు డిటెక్టర్లు ఒకేసారి మోగడం ఎంత తరచుగా జరుగుతుందో కొలుస్తారు. అచ్చమైన ఒక్క ఫోటాన్ మూలానికి అది 0, లేజర్‌కి 1. ఆ ప్రయోగంలో మార్పిడికి ముందు 0.080, తర్వాత 0.290.

ఈ రెండు అంకెల నుంచి నాయిస్ ఎంతో మనమే తేల్చవచ్చు. నాయిస్ ఫోటాన్లు యాదృచ్ఛికంగా వస్తాయనుకుంటే, ఒకటిలోంచి జీ-టూ తీసేయగా మిగిలేది, మొత్తం ఫోటాన్లలో సిగ్నల్ వాటా వర్గంతో గుణించినట్టు తగ్గుతుంది. ముందు 0.92 ఉంది, తర్వాత 0.71. భాగిస్తే 0.772, దాని వర్గమూలం 0.88. అంటే బయటికి వచ్చిన ప్రతి వంద ఫోటాన్లలో సుమారు 88 మనవి, 12 నాయిస్. సిగ్నల్-నాయిస్ నిష్పత్తి ఏడుకు కాస్త పైన.

ఇదే లెక్కతో ఇంకొకటి తెలుస్తుంది. మూలం అచ్చంగా సున్నా ఇచ్చేదైనా, జీ-టూ 0.5 లోపల ఉండాలంటే సిగ్నల్-నాయిస్ నిష్పత్తి కనీసం 2.4 ఉండాలి. నిష్పత్తి 10 ఉన్నా జీ-టూ 0.17కి ఎక్కుతుంది. క్వాంటమ్ రిపీటర్ (క్వాంటమ్ సమాచారాన్ని దూరాలకు అందించే మజిలీ) లాంటి పనులకు 0.17 చాలా ఎక్కువ. కాబట్టి "0.5 లోపల ఉంది, సరిపోతుంది" అని సంతృప్తి పడకూడదు.

పంప్ పవర్ పెంచితే సిగ్నల్ పెరిగి నాయిస్‌ను దాటేయదా?

ఇది తరచుగా పడే పొరపాటు. రామన్ నాయిస్ పంప్ పవర్‌తో సమంగా పెరుగుతూనే పోతుంది. మార్పిడి సామర్థ్యం మాత్రం సైన్ వర్గంలా పెరిగి, ఒక శిఖరం చేరి, తర్వాత తగ్గుతుంది. మారిన ఫోటాన్ మళ్ళీ పాత తరంగదైర్ఘ్యానికి మారిపోవడం మొదలవుతుంది.

లెక్క చూడండి. గరిష్ఠ సామర్థ్యంలో 90 శాతం చాలనుకుంటే, శిఖరానికి కావలసిన పంప్‌లో 63 శాతం సరిపోతుంది. పది శాతం సిగ్నల్ వదులుకుని, సుమారుగా 37 శాతం నాయిస్ వదిలించుకున్నట్టు. సగం సామర్థ్యం చాలనుకుంటే పావు వంతు పంప్ చాలు, సిగ్నల్-నాయిస్ నిష్పత్తి రెట్టింపు. అందుకే మంచి ప్రయోగశాలలు తరచుగా శిఖరానికి కాస్త కిందే ఆగుతాయి.

నాయిస్ రామన్‌దో మరొకదానిదో ఎలా కనిపెట్టాలి?

సిగ్నల్ ఆపేసి, పంప్ మాత్రమే వదిలి, డిటెక్టర్ లెక్కలు తీసుకోండి. డిటెక్టర్ సొంత డార్క్ కౌంట్స్ (వెలుగు లేకపోయినా వచ్చే లెక్కలు) తీసేయండి. తర్వాత పంప్ పవర్‌ను మెట్లు మెట్లుగా మార్చండి. గీత సూటిగా వస్తే రామన్, లేదా పంప్ నేరుగా విడిపోవడం. వర్గంలా పెరిగితే సెకండ్ హార్మోనిక్ ద్వారా వచ్చే గొలుసు ప్రక్రియ, లేదా ఫోర్-వేవ్ మిక్సింగ్. చిప్‌ను తీసేసి ఫైబర్‌తోనే ఒకసారి కొలవడం మరవకండి. నాయిస్ తగ్గకపోతే అది చిప్‌ది కాదు.

సన్నని ఫిల్టర్ పెడితే సమస్య తీరదా?

చాలావరకు తీరుతుంది, ఒక హద్దు దాకా. నాయిస్ వెడల్పుగా పరుచుకుని ఉంటుంది, మన ఫోటాన్ సన్నగా ఉంటుంది. 1550 దగ్గర ఒక నానోమీటర్ అంటే 125 గిగాహెర్ట్జ్. ఒక నానోమీటర్ ఫిల్టర్ తీసి ఒక గిగాహెర్ట్జ్ ఫిల్టర్ పెడితే నాయిస్ 125 రెట్లు తగ్గుతుంది. ఫోటాన్ ఎప్పుడు వస్తుందో తెలిస్తే ఆ కొద్ది నానోసెకన్లలోనే డిటెక్టర్‌ను వినడం ద్వారా ఇంకా తగ్గించవచ్చు.

కానీ ఫిల్టర్ ఫోటాన్ కంటే సన్నగా అయితే ఫోటాన్ తెగుతుంది. మిగిలింది కాలంలో సాగుతుంది, దాంతో డిటెక్టర్ తెరిచి ఉంచే సమయం పెరగాలి. ఫ్రీక్వెన్సీలో దక్కింది కాలంలో పోతుంది. చివరికి ఒక్క మోడ్‌కి (ఒక ఫోటాన్ పట్టే కనీస ఫ్రీక్వెన్సీ-కాల గడికి) ఎన్ని నాయిస్ ఫోటాన్లు అన్న అంకె మిగులుతుంది. దాన్ని ఏ ఫిల్టరూ తగ్గించలేదు. రెండు పరికరాలను పోల్చడానికి నేను నమ్మే అంకె అదే.

చిప్‌ను చల్లబరిస్తే?

పంప్ ఎటు పక్క ఉందన్న దాన్ని బట్టి. యాంటీ-స్టోక్స్‌కి ముందే ఉన్న కంపనాలు కావాలి, చల్లబరిస్తే అవి పోతాయి. 10 టెరాహెర్ట్జ్ దూరంలో గది ఉష్ణోగ్రత నుంచి 77 కెల్విన్‌కి దిగితే వంద రెట్లకు పైగా తగ్గుతుంది. స్టోక్స్‌కి అలాంటి అవసరం లేదు. అదే దూరంలో అది ఐదో వంతు మాత్రమే తగ్గి ఆగిపోతుంది. పంప్ మన గమ్యం కంటే పొట్టిదైతే క్రయోస్టాట్ మీద డబ్బు పెట్టి లాభం లేదు.

ఫోటాన్ లెక్కలు బాగున్నా రెండు ఫోటాన్లు సరిగ్గా వ్యతికరణం చెందడం లేదు. ఎందుకు?

అదనపు ఫోటాన్లు మాత్రమే నాయిస్ కాదు. పంప్ ఫేజ్‌లో వచ్చే ప్రతి వణుకు మారిన ఫోటాన్ మీద పడుతుంది. రెండు పంప్‌ల పద్ధతిలో రెండింటి ఫేజ్ తేడా పడుతుంది, కాబట్టి రెండింటినీ ఒకదానికొకటి లాక్ చేస్తే చాలా ఉపశమనం.

మైక్రోరింగ్‌లో ఇంకో చిక్కు ఉంది. రింగ్ ఎంత చిన్నదైతే దాని ఉష్ణోగ్రత అంత ఎక్కువగా తనంతట తానే ఊగుతుంది. దానితో వక్రీభవన గుణకం ఊగుతుంది, రెజొనెన్స్ కూడా ఊగుతుంది. దీన్ని థర్మోరిఫ్రాక్టివ్ నాయిస్ అంటారు. నాయిస్ ఫోటాన్ ఒక్కటీ పుట్టకుండానే మన ఫోటాన్ ఫేజ్ మసకబారుతుంది. జీ-టూ కొలత దీన్ని పట్టుకోదు. రెండు ఫోటాన్లను బీమ్ స్ప్లిటర్ మీద కలిపి చూసే హాంగ్-ఊ-మాండెల్ కొలత చేస్తేనే బయటపడుతుంది.

లిథియం నియోబేటా, సిలికాన్ నైట్రైడా?

తరంగదైర్ఘ్యాన్ని చాలా దూరం జరపాలంటే, పొడవు పంప్ కుదిరితే, లిథియం నియోబేట్. ఇప్పటిదాకా దూర ఫైబర్ ప్రయోగాల్లో ఎక్కువ భాగం దాని వేవ్‌గైడ్‌లతోనే జరిగాయి. డాట్లను ఒకదానితో ఒకటి కలపడానికి కొన్ని నానోమీటర్లు జరపాలంటే సిలికాన్ నైట్రైడ్. సిలికాన్‌లో 1550 దగ్గర రెండు ఫోటాన్లు కలిసి శోషణమయ్యే బెడద ఉంది, నైట్రైడ్‌లో అది లేదు.

అమరావతి క్వాంటమ్ కంప్యూటర్‌కీ దీనికీ సంబంధం ఉందా?

నేరుగా లేదు. అమరావతికి 2025లో ప్రకటించిన ఐబీఎం యంత్రంలో సూపర్‌కండక్టింగ్ క్యూబిట్లు ఉంటాయి. అవి సుమారు 5 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్‌లో మాట్లాడతాయి. అలాంటి రెండు యంత్రాలను ఫైబర్‌తో కలపాలంటే మైక్రోవేవ్ ఫోటాన్‌ను 1550 నానోమీటర్లకు తేవాలి, అంటే ఫ్రీక్వెన్సీ దాదాపు 40 వేల రెట్లు పెరగాలి. అక్కడ నాయిస్ ఇంకా కఠినం. గది ఉష్ణోగ్రతలో 5 గిగాహెర్ట్జ్ ప్రతి మోడ్‌లో వెయ్యికి పైగా ఉష్ణ ఫోటాన్లు ముందే ఉంటాయి. అందుకే ఆ పని మిల్లీకెల్విన్ ఫ్రిజ్‌లోనే చేయాలి. ఆప్టికల్ పంప్ ఆ ఫ్రిజ్‌నే వేడెక్కిస్తుంది.

ఈ రంగంలో పేపర్ చదివేటప్పుడు ముందు ఏం చూడాలి?

పంప్ ఎంత, గమ్యం ఎంత, ఏది పొడవు అన్నది మొదట. సామర్థ్యం చిప్ లోపలిదా, ఫైబర్ నుంచి ఫైబర్ దాకా మొత్తందా అన్నది తర్వాత. ఈ రెండింటి మధ్య కప్లింగ్ నష్టం మూలంగా చాలా తేడా ఉంటుంది. ఆపైన ఆ సామర్థ్యం దగ్గరే, అదే పంప్ పవర్ దగ్గరే నాయిస్ కొలిచారా అని చూడండి. సామర్థ్యం ఒక పవర్ దగ్గర, నాయిస్ ఇంకో పవర్ దగ్గర ఇచ్చి ఉంటే వాటిని కలిపి భాగించకండి. ఫిల్టర్ వెడల్పు ఎంతో రాయకుండా నాయిస్ లెక్క మాత్రమే రాస్తే, రచయితలకు ఈమెయిల్ పెట్టి అడగండి.